గ్యాపు పాట

వేసుకున్న డ్రెస్సుతోనే డోర్కాస్ రెండో పాట పాడిందని శంషాబాద్ మండలంలో ఎవరైనా చెబితే నమ్మకండి. చెప్పినవాడు ఆ ప్రోగ్రాముకు అసలు వచ్చి ఉండడు. వచ్చినా స్టేజీకి వీపు పెట్టి మిర్చిబజ్జీలు తింటూ నిలబడి ఉంటాడు. పాటకో డ్రెస్సు, డ్రెస్సుకో పాట. ఈ నియమం తప్పిన రోజు తన గొంతులోంచి పిల్లి కూత కూడా రాదని ఆమె నమ్మకం.

పాటల సంగతి అటుంచండి, డ్రెస్సు మార్చనిదే ఆమె ఏ పనీ మొదలుపెట్టేది కాదు. రేషన్ షాపు ముందు లైన్లో నిలబడటానికి ఒక చీర. చక్కెర అయిపోయిందని డీలరు చెప్పాక అతనితో కొట్లాడటానికి ఇంకో చీర. ఆకుపచ్చ చీరలో కొట్లాడితే ఎవరూ భయపడరని, లైన్లో సంచి పెట్టి, ఇంటికి పోయి ఎర్రది కట్టుకొని వచ్చేది. ఆలోపు డీలరు తాళం వేసుకొని వెళ్ళిపోయేవాడు. కట్టిన చీర వృథా పోకూడదు కదా, మూసిన తలుపుతోనే కాసేపు కొట్లాడి ఇల్లు చేరేది.

ఊరు పాల్మాకుల. బైబిలు కాలంలో ఎవరో భక్తురాలు పేదసాదలకు అంగీలు కుట్టి పంచిపెట్టిందని, ఆవిడ పేరే తండ్రి మత్తయ్య ఏరికోరి తన బిడ్డకు పెట్టుకున్నాడు. పిల్ల పెరిగి పెద్దదయ్యాక ఆయన చర్చి మెట్ల మీద కూర్చొని నిట్టూర్చేవాడు. ఆ తల్లి కుట్టినదంతా ఊరికి పంచింది, నా తల్లి ఊళ్ళో ఉన్న గుడ్డంతా తనకే కుట్టుకుంది అని.

ఈ కళ మొదట బయటపడింది కూడా చర్చిలోనే. క్రిస్మస్ నాటకంలో ఆమెకు దేవదూత వేషం ఇచ్చారు. దేవదూత అంటే తెల్లబట్ట, రెండు అట్టముక్కల రెక్కలు, నాలుగు మాటలు. అంతటితో సరిపెట్టుకుంటే ఆమె డోర్కాస్ ఎందుకవుతుంది? దవాఖాన నుంచి పాత ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చి, చమ్కీలు అతికించి, వెదురు బద్దలకు కట్టి రెక్కలు చేసింది. తీరా చూస్తే చర్చి తలుపు చిన్నదైంది. పక్కకు తిరిగినా పట్టలేదు, వంగినా పట్టలేదు. చివరికి గొర్రెల కాపరులే గొర్రెలతో సహా బయటికి వచ్చి, వరండాలో నిలబడి శుభవార్త అందుకోవాల్సి వచ్చింది. దేవదూత రెక్కల నిండా ఎవరివో పక్కటెముకలు మెరుస్తుంటే ముందు వరసలో పిల్లలు కెవ్వుమన్నారు.

తర్వాత కొన్నాళ్ళకు ఆమె చేతికి ఒక రంగుల కాగితం చిక్కింది. కొత్తూరులో ఏదో ఫ్యాక్టరీకి మిషన్లు బిగించడానికి వచ్చిన జపాను ఇంజనీర్లు వదిలేసి పోయిన పుస్తకంలోని పుట అది. గాజుల దుకాణంవాడు అందులో గాజులు చుట్టి ఇచ్చాడు. విప్పి చూస్తే ఎవరో జపాను పాటగత్తె. తల మీద నెమలి వాలినట్టు ఈకలు, భుజాల నుంచి వేలాడే అద్దాలు. కింద వరసగా ఆవిడవే చిన్న చిన్న బొమ్మలు. ఒకదాంట్లో పాడుతోంది, ఒకదాంట్లో సినిమాలో ఏడుస్తోంది, ఒకదాంట్లో సబ్బు పట్టుకొని నవ్వుతోంది. బొమ్మబొమ్మకూ వేషం వేరు. డోర్కాస్ ఆ కాగితాన్ని అద్దానికి అంటించుకుంది. అది మొదలు ఆమె ఏం చేసినా, ఎవరేం అడిగినా ఒకటే జవాబు. "జపాన్ల గిట్లనే చేస్తరు." జపాను పోయి వచ్చినవాళ్ళు మండలంలో ఒక్కరూ లేరు కాబట్టి కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సబ్బు బొమ్మ చూసి ముందు ప్రచారంలోకి దిగింది. మైకు కట్టిన ఆటోలో కూర్చొని ఊరూరా బట్టల షాపుల గురించి, పంటి పొడి గురించి పాడేది. ఒకసారి పెద్దగోల్కొండ రైతు ఒకాయన బర్రె తప్పిపోయింది. డోర్కాస్ నల్లచీర కట్టుకొని ఆ బర్రె కళ్ళను, నడకను, కొమ్ముల వంపును రాగం తీసి వర్ణించింది. సాయంత్రానికి ఊరూరి నుంచి తోలుకొచ్చిన బర్రెలు రైతు ఇంటి ముందు బారులు తీరాయి. అసలు బర్రె అప్పటికే తనంతట తాను వచ్చి దొడ్లో నెమరు వేస్తోంది. కాకపోతే ఆ వర్ణన విన్న చెవులతో చూసేసరికి ఇంత మామూలు బర్రె తనది కాదేమోనని రైతుకే అనుమానం వచ్చింది.

ఎన్నికలప్పుడు పొద్దున ఒక పార్టీకి, మాపటికి ఇంకో పార్టీకి పాడింది. చీర మార్చింది గానీ పాట మార్చలేదు. ప్రతి పాట చివరా "మీ డిస్కో డోర్కాస్" అని చెప్పుకోవడం ఆమెకు అలవాటు. ఓట్లు లెక్కపెట్టేటప్పుడు కొన్ని కాగితాల మీద ముద్రకు బదులు ఆ పేరు రాసి ఉందని షాద్‌నగర్ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో నిజమెంతో తెలియదు గానీ, ఎన్నడూ పడని రెండు పార్టీలూ ఆ సాయంత్రం ఆమె మీద కోపంతో మాత్రం ఒక్కటయ్యాయి.

ఆ తర్వాత సినిమా. బెంగుళూరు రోడ్డు మీద షూటింగుకు వచ్చినవాళ్ళ దగ్గర గుంపులో నిలబడే వేషం సంపాదించింది. హీరోయిన్ ఏడవాలి, గుంపు జాలిగా చూడాలి. డోర్కాస్ హీరోయిన్ కంటే ముందే మొదలుపెట్టింది, హీరోయిన్ కంటే బాగా ఏడ్చింది. డైరెక్టరు ఆమెను ఒక వరస వెనక్కి పంపాడు. అక్కడి నుంచీ ఏడుపు వినిపించింది. ఇంకా వెనక్కి పంపాడు. పొద్దు గుంకేసరికి ఆమె పక్క ఊరి పొలిమేరలో నిలబడి ఏడుస్తోందట. సినిమా వచ్చాక పాల్మాకుల జనమంతా టాకీసుకు పోయారు. ఆమె ఎక్కడా కనిపించలేదు గానీ ఏడుపు మాత్రం స్పష్టంగా వినిపించింది. ఊరు ఊరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పక్క ఊళ్ళవాళ్ళకు, అంత దుఃఖపు సీనులో వీళ్ళకేం పోయేకాలమో అర్థం కాలేదు.

చివరికి శంషాబాద్ బస్టాండు దగ్గర గది కిరాయికి తీసుకొని బ్యూటీ పార్లరు పెట్టింది. లోపలికి ఏ పెళ్ళికూతురు పోయినా బయటికి డోర్కాసే వచ్చేది. అవే బుగ్గలు, అవే కనుబొమలు, అదే జుట్టు ముడి. ఒకే ముహూర్తానికి తయారైన ఇద్దరు పెళ్ళికూతుళ్ళను బంధువులు తారుమారుగా జీపులు ఎక్కించబోయారు. ఆ గొడవతో పార్లరు మూతపడింది.

ఈ పార్లరు భాగోతమంతా పక్కగది షాపులో కూర్చొని చూస్తున్నవాడు మల్లేశ్వర్. డోర్కాస్ డ్రెస్సుల వల్ల లోకంలో అందరికంటే ఎక్కువ పరేషాన్ కావలసిన రాత అతనిది. పగలు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే షాపు నడిపేవాడు. పెళ్ళిళ్ళ సీజను వస్తే మధురవాణి ఆర్కెస్ట్రాకు ఓనరు, కీబోర్డు వాయించేవాడు, తాళ్ళు కట్టేవాడు కూడా అతనే. టైము అంటే ప్రాణం పెట్టే మనిషి. పెళ్ళికొడుకు ఆలస్యంగా వస్తే ముహూర్తం గురించి పంతులు కంటే ముందు అతనే నసిగేవాడు.

మల్లేశ్వర్ వాయిస్తాడు, పాడడు. రాక కాదు. వయసులో ఉన్నప్పుడు షాద్‌నగర్‌లో మేనమామ కూతురి పెళ్ళిలో పాడుతూ పైస్థాయి అందుకోబోతే గొంతు కీచుమని పగిలింది. పందిరంతా ఈలలు. అందరికంటే గట్టిగా వేసింది పెళ్ళికొడుకు. ఆ రోజు నుంచి మైకు ముందు నోరు తెరవబోతే నాలుక పిడచకట్టుకు పోయేది. షాపులో ఒంటరిగా కూర్చొని రేడియో విప్పినప్పుడు మాత్రం పాటలు వాటంతట అవే వచ్చేవి. గుమ్మంలో గిరాకీ అడుగు పెట్టగానే, స్విచ్చి తీసేసినట్టు, ఆగిపోయేవి.

పార్లరు మూసిన రోజే డోర్కాస్ వచ్చి ఆర్కెస్ట్రాలో సింగరుగా చేరింది. చేరుతూ, నువ్వు గూడ పాడరాదా అన్నా, గోడ అవతలికెల్లి రోజూ విన్న అంది. మల్లేశ్వర్ ముఖం మాడ్చుకున్నాడు. ఆ మాట ఇంకోసారి ఎత్తితే తన ఆర్కెస్ట్రాలో చోటు లేదని చెప్పాడు. ఆమె సరేనంది. నిజంగానే మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

మొదటి ప్రోగ్రాము నర్కుడలో ఒక పెళ్ళి. రావాల్సిన ఇంకో సింగరు జ్వరమని కబురు పంపాడు. డోర్కాస్ వెండిరంగు గౌను, కోడి ఈకల కిరీటంతో వచ్చి మొదటి పాటతోనే పందిరి లేపింది. జనం వన్స్‌మోర్ అన్నారు. రెండు నిమిషాల్లో డ్రెస్సు మార్చుకొని వస్తానని మైకులో చెప్పి స్టేజీ వెనుక తార్పాలిన్ చాటుకు పోయింది. పోయింది, పోయినట్టే ఉంది. డ్రమ్ములు వాయించే కుర్మయ్యకు చేతులు బొబ్బలెక్కాయి. మల్లేశ్వర్ తనకు తెలిసిన బిట్లన్నీ వాయించి, ఇంకేం తోచక రేడియోలో వార్తల ముందు వచ్చే మ్యూజిక్కు కూడా వాయించాడు. జనం కుర్చీలు జరుపుతున్నారు. పెళ్ళికూతురి తండ్రి కింద నుంచి రెండు చేతులూ జోడిస్తున్నాడు.

ఇక గత్యంతరం లేక మల్లేశ్వర్ కీబోర్డు మీదికి తల వంచి, కళ్ళు గట్టిగా మూసుకొని, పాత చందమామ పాట ఒకటి అందుకున్నాడు. పాడుతున్నంతసేపూ ఈల కోసం చెవులు రిక్కించే ఉన్నాడు. ఈల రాలేదు. పైగా చివర్లో చప్పట్లు వచ్చాయి. ఆ చప్పట్లు ఆగకముందే తార్పాలిన్ పక్కకు జరిగి, నీలం గౌనులో డోర్కాస్ ప్రత్యక్షమైంది.

ప్రోగ్రాము అయ్యాక మల్లేశ్వర్ చెమటలు తుడుచుకుంటూ విరుచుకుపడ్డాడు. గౌను మార్చేందుకు గింత సేపా, నన్ను సంపుదామనుకున్నవా అని. డోర్కాస్ నింపాదిగా ఈకల కిరీటం తీసి సంచిలో పెట్టుకుంది. జపాన్ల ఇంకెక్కువ సేపు పడతదట.

అది మొదలు ప్రతి ప్రోగ్రాములోనూ ఇదే వరస. ఆమె తార్పాలిన్ చాటుకు పోవడం, ఎంతకీ రాకపోవడం, మల్లేశ్వర్ పళ్ళు నూరుకుంటూ పాడటం. జనం దానికి గ్యాపు పాట అని పేరు పెట్టారు. పెళ్ళికార్డులు పంచేటప్పుడే గ్యాపు పాట ఉంటుంది, తప్పకుండా రండి అని చెప్పుకునేవారు. మల్లేశ్వర్ మాత్రం ఇంట్లో భార్య శోభ దగ్గర, షాపులో గిరాకీల దగ్గర, బస్సులో పక్క సీటువాడి దగ్గర ఒకటే మొర. ఆ డోర్కాస్ నా ప్రాణం తోడేస్తోంది, తన సోకు కోసం నన్ను బలిపెడుతోంది, మైకంటే నాకు చావుతో సమానం అని.

చావుతో సమానమైన దానికి అతను చేసే ఏర్పాట్లు చూస్తే శోభకు నవ్వాగేది కాదు. ప్రోగ్రాము నాలుగు రోజులుందనగా పెరుగు మానేసేవాడు. పొద్దున్నే మిరియాల పాలు. ఆ మహాతల్లి ఎట్లాగూ ఆలస్యం చేస్తుంది, ఏదో ఒకటి సిద్ధంగా పెట్టుకోవాలి కదా అని షాపు తలుపు దగ్గరగా వేసి సాధన. చెమట పీలుస్తుందనే వంకతో ఒక సిల్కు చొక్కా కూడా కుట్టించుకున్నాడు. సిల్కు చెమట పీలుస్తుందని శోభ అదే మొదటిసారి వినడం.

డోర్కాస్ విషయంలో ఇంకో విచిత్రం కూడా ఉండేది. ప్రోగ్రాము మొదట్లో ఆమె ధాన్యం గుమ్మిలా నిండుగా ఉండేది. ముగిసేసరికి సన్నబడి సగమయ్యేది. పాల్మాకుల ముసలమ్మలు చూసి చూసి జాలిపడ్డారు. పాడి పాడి పిల్ల మన కండ్ల ముంగటనే కరిగిపోతున్నదని, ఆఖరి పాట కాగానే చెంబుతో పాలు, ఉడకబెట్టిన గుడ్లు పట్టుకొని స్టేజీ వెనక్కి వచ్చేవారు. పెద్దవాళ్ళ మాట కాదనడం మర్యాద కాదని డోర్కాస్ అన్నీ తినేసేది. అంత చెమట పడుతుంది కాబోలు అని మల్లేశ్వర్ కూడా అనుకున్నాడు.

ఇట్లా ఏళ్ళు నడిచాయి. ఈలోగా పెళ్ళిళ్ళలో డెక్కులు వచ్చాయి. ఒక టేపు పెట్టె, రెండు పెద్ద బాక్సులు తెచ్చి పెడితే చాలు, అలగడాలు లేవు, అన్నం పెట్టే పని లేదు. మధురవాణి ఆర్కెస్ట్రాను పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. కొత్తూరు ఫ్యాక్టరీలో ఉత్సవాల కమిటీ పెద్ద అనంతయ్య వచ్చి పిలిచింది అప్పుడే. ఫ్యాక్టరీ వార్షికోత్సవం. పగటి షిఫ్టు దిగి మాపటి షిఫ్టు ఎక్కే మధ్యలో ప్రోగ్రాము. సైరన్ మోగేసరికి ముగిసిపోవాలి. సక్రమంగా జరిగితే ఏటా మీకే, జరగకపోతే మా పిల్లలు డెక్కు అడుగుతున్నారు అన్నాడాయన.

మల్లేశ్వర్ ఆ సాయంత్రమే డోర్కాస్‌ను షాపుకు పిలిపించాడు.

"చెల్లె, గీ ప్రోగ్రాము పోతే ఆర్కెస్ట్రా మూసుడే. డ్రెస్సుల పేరు జెప్పి లోపల కూసుంటే ఇగ నడవది. జల్ది మార్చుకొని వస్తనంటే రా. లేదంటే నేను ఇంకో సింగరును చూసుకుంట."

"మరి గ్యాపు పాట?"

"గ్యాపే లేనప్పుడు పాటేంది? నాకు పీడ పోతది."

డోర్కాస్ అతని ముఖంలోకి కాసేపు చూసింది. "నిజంగనే పీడనా అన్నా?"

"నిజంగనే."

"సరే. రెప్ప కొట్టే లోపల వస్త."

ఇన్నేళ్ళ పోరు ఇంత సులువుగా గెలిచినందుకు మల్లేశ్వర్ ఆ రోజు అందరికీ చాయ్ తాగించాడు. కానీ ప్రోగ్రాము రోజు పొద్దున చూసుకుంటే, తెలియకుండానే సిల్కు చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. పెరుగు తిని వారం అయింది. పైస్థాయిలో గట్టి పట్టున్న పాటొకటి నెల రోజులుగా సాధన చేస్తూనే ఉన్నాడు. అలవాటు, అంతే అనుకున్నాడు.

ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా వేశారు. పని దిగినవాళ్ళు, పని ఎక్కాల్సినవాళ్ళు కిక్కిరిసి కూర్చున్నారు. డోర్కాస్ వెండి గౌనులో, గుమ్మిలా నిండుగా వచ్చి మొదటి పాట పాడింది. తార్పాలిన్ చాటుకు పోయింది. మల్లేశ్వర్ మైకు దగ్గరికి జరుపుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, గుండెల నిండా గాలి పీల్చాడు. ఆ గాలి వదిలేలోపు నీలం గౌనులో డోర్కాస్ వచ్చి ముందు నిలబడింది. పీల్చిన గాలి ఎటు పోవాలో తెలియక అతనికి పొలమారింది.

రెండో పాట అయింది. ఈసారి కుర్మయ్య పుల్లలు పైకెత్తాడు, అవి డ్రమ్ము మీద పడకముందే పసుపు గౌనులో ఆమె మళ్ళీ హాజరు. ముందు వరసలో అనంతయ్య గడియారం చూసుకొని తృప్తిగా తల ఊపాడు. ప్రోగ్రాము రైలు పట్టాల మీద పోయినట్టు పోతోంది. మల్లేశ్వర్ కోరుకున్నది సరిగ్గా ఇదే.

ఆమె మూడో పాట ఎత్తుకోబోతుంటే వెనుక నుంచి ఎవరో గ్యాపు పాట ఏది అన్నా అని అడిగారు. ఆ మాట వరసలు దాటి ముందుకు వచ్చింది. డోర్కాస్ మైకు అందుకుంది.

"ఇయ్యాల గ్యాపు లేదు. ఓనరు ఆర్డరు."

జనం ఉసూరుమన్నారు. మల్లేశ్వర్‌కు సంతోషంగా ఉండాలి. లేదు. పంక్తిలో కూర్చున్నాక విస్తరి లాగేసుకున్నట్టు అనిపించింది. వద్దు వద్దన్నది తనే, తీసేయించింది తనే, ఇప్పుడు ఏడుపొస్తున్నదీ తనకే. కుర్మయ్యను ఒక డ్రమ్ముల బిట్టు వాయించమని సైగ చేసి, కీబోర్డు వదిలి స్టేజీ మూలకు డోర్కాస్ దగ్గరికి పోయాడు. ముందుగా నోటికొచ్చింది వేరే ప్రశ్న. ఇన్నేళ్ళు గంటలు పట్టిన డ్రెస్సు ఇవ్వాళ ఇంత త్వరగా ఎట్లా మారిందని అడిగాడు.

"మార్చేదేంది అన్నా. అన్నీ ఒకదాని మీద ఒకటి ఏసుకొనే వస్త. పైది తీసేసుడే. తార్పాలిన్ సాటున బట్టలు మార్చుకునేటట్టు ఉంటదా, పోరలు తొంగి చూడరా?"

"ఎప్పటి సంది?"

"నర్కుడ సంది."

మల్లేశ్వర్ ఆమెను ఎగాదిగా చూశాడు. పసుపు గౌనులో సన్నగా, వెదురు బద్దలా నిలబడి ఉంది. పాలూ గుడ్లూ తెచ్చిన ముసలమ్మలందరూ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగారు.

"మరి గిన్నేండ్లు లోపల ఏం జేసినవ్?"

"పల్లీలు తినుకుంట కూసున్న. నీ పాట విన్న."

వెనుక కుర్మయ్య డ్రమ్ములు మోగుతూనే ఉన్నాయి. డోర్కాస్ గౌను అంచుకు అంటిన దుమ్ము దులుపుకుంటూ, అదేమంత పెద్ద విషయం కానట్టు చెప్పింది. అడిగితే పాడవైతివి. గోడ అవతల ఎవలు లేరనుకుంటే పాడుతవ్. అందుకే నేను లేకుంట అయిన. మొన్న నువ్వు పీడ అంటే నిజమేననుకున్న. అందుకే ఇయ్యాల జల్ది వచ్చిన.

సోకులాడి అని మల్లేశ్వర్ ఆమెను ఊరందరి ముందూ తిట్టాడు. సిగ్గు లేదన్నాడు, బుద్ధి లేదన్నాడు. ఆమె ఒక్కసారి కూడా ఎదురు చెప్పకుండా, ఎండాకాలం పెళ్ళిళ్ళలో మూడు గౌన్లు మోసుకుంటూ, గాలి కూడా ఆడని ఆ తార్పాలిన్ కింద కూర్చొని అతను పాడటం ముగిసేదాకా ఎదురుచూసింది. ఇంత మంచి మనిషి తన గోడ పక్కనే ఇన్నాళ్ళూ ఉందని తెలియనందుకు అతనికి తన మీద తనకే కోపం వచ్చింది.

"పీడ గాదు చెల్లె," అన్నాడు. ఆ వెంటే, ఇన్నేళ్ళలో తన నోట వస్తుందని కలలో కూడా అనుకోని మాట వచ్చింది. "ఒక్కసారి లోపలికి పోయి జర డ్రెస్సు మార్చుకొని రా."

"ఇగ తీసేటందుకు ఏం లేదన్నా. ఇదే ఆఖరుది."

"ఊకెనే పోయి కూసో."

"పల్లీలు గూడ లేవు." డోర్కాస్ మైకు తీసి అతని చేతిలో పెట్టింది. "ఇయ్యాల ఈడనే కూసుంట. నా ముంగట పాడు."

పెట్టి, స్టేజీ దిగి, మొదటి వరసలో అనంతయ్య పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. జనంలో కలకలం ఆగిపోయింది. కుర్మయ్య కూడా డ్రమ్ములు ఆపాడు. మల్లేశ్వర్ ముందు కీబోర్డు లేదు, తల దాచుకోవడానికి. వెనుక తార్పాలిన్ చాటున ఎవరూ లేరు, ఆలస్యం చేశారని తిట్టుకోవడానికి. పాడితే తను పాడాలని పాడినట్టే. ఆ సంగతి తనకూ తెలుసు, ఎదురుగా ఉన్నవాళ్ళకూ తెలుసు. అయినా మొదలుపెట్టాడు.

పల్లవి బాగానే పోయింది. మొదటి చరణం ఇంకా బాగా పోయింది. రెండో చరణంలో ఆ పైస్థాయి మెట్టు వచ్చింది. నెల రోజుల సాధన, మిరియాల పాలు అన్నీ కలిసి పైకి తోశాయి. గొంతు అందుకోబోయి కీచుమని పగిలింది.

ఎక్కడో చివర ఒక ఈల వినిపించింది. మల్లేశ్వర్ డోర్కాస్ వైపు చూశాడు. ఆమె ఈల వేసినవాడి వైపు తిరగలేదు, చప్పట్లు కొట్టి కాపాడబోలేదు, లేచి రాలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని, పాట ఇంకా ఉంది కదా అన్నట్టు కూర్చుంది. మల్లేశ్వర్ పక్కనున్న గ్లాసెత్తి నీళ్ళు తాగాడు.

"జర జారిన," అన్నాడు మైకులో. "మళ్ళ ఎక్కుతున్న."

జనం నవ్వారు. అది ఈల వేసేవాళ్ళ నవ్వు కాదు. అతనికీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే చరణం మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. ఈసారి ఆ మెట్టు దగ్గరికి వచ్చేసరికి గొంతు దానంతట అదే లేచి, పైకి పోయి, కావలసినంతసేపు అక్కడే నిలబడింది. అనంతయ్య గడియారం చూడటం మరిచిపోయి చేతులు పైకెత్తి కొట్టాడు. పని ఎక్కాల్సినవాళ్ళు, పని దిగినవాళ్ళు అందరూ కలిసి కొట్టారు.

పాట ముగిసింది. సైరన్‌కు ఇంకా ఒక్క పాట టైము మిగిలింది. ప్రోగ్రాములో ఆఖరి పాట ఎప్పుడూ డోర్కాస్‌దే. దానికోసమే ఆమె నాలుగు రోజులు కూర్చొని పసుపు గౌనుకు అంచులంతా పూసలు కుట్టుకుంది. పూసలు సరిచేసుకొని, మెట్లెక్కి వచ్చి, మైకు కోసం చెయ్యి చాచింది. మల్లేశ్వర్ కళ్ళు మూసుకొని తన రెండో పాట ఎత్తుకున్నాడు.

డోర్కాస్ పల్లవి అయ్యేదాకా ఓపిక పట్టింది. చరణం అయ్యేదాకా పట్టింది. రెండో చరణం కూడా మొదలయ్యేసరికి అతని చెవి దగ్గరికి వంగింది.

"అన్నా, జర నాక్కూడ ఒకటి మిగిలియ్యి."

మల్లేశ్వర్‌కు వినిపించలేదు. వినిపించింది కుర్మయ్యకు. ఏనాడూ తాళం తప్పని ఆ మనిషి డ్రమ్ముల మీద తల వాల్చి నవ్వడం మొదలుపెట్టాడు. డోర్కాస్ మెట్ల మీదే చతికిలబడింది. సైరన్ మోగింది, మోగి ఆగిపోయింది, మల్లేశ్వర్ ఇంకా పాడుతూనే ఉన్నాడు.